గడియారంలోని సెల్లు

ఆడపిల్లలకూ మగపిల్లలకూ, సర్కారు బడికీ ప్రైవేటు బడికీ ఫిజిక్సు మార్కుల్లో తేడా ఎంతుందో చూడటం నిరుడు నా ఎం.ఈడీ. ప్రాజెక్టు. పదో తరగతి పిల్లలకు పరీక్ష పెట్టాలి. ప్రశ్నపత్రంతో పాటు ఒక పని కూడా కలిపాను: సెల్లు, వైర్లు, టార్చి బల్బు ఇస్తాను. వెలిగిస్తే మార్కు, లేకపోతే లేదు. ఆ సంచి మోసుకుంటూ బస్సులు మారాను. కొత్తవాళ్ల ముందు గొంతు పెగలని నాకు, బస్సులకంటే హెడ్మాస్టర్ల గదుల ముందు నిలబడటమే ఎక్కువ అలసట.

సూర్యాపేటలో ఆడపిల్లల హాస్టలు బడిలో నేను చెప్పేదేమీ లేకపోయింది. మోచేతులతో ఒకరినొకరు నెట్టుకుంటూ అందరూ వెలిగించారు. కోదాడలో ప్రైవేటు స్కూలు పిల్లలు సర్క్యూట్ బొమ్మ అచ్చుగుద్దినట్టు గీశారు. వైరు ముట్టుకోమంటే ఆడా మగా అందరూ నా మొహం చూశారు.

"ఇవన్నీ పబ్లిక్ పరీక్షలో రావు కదండీ, టైం వేస్టు," అన్నాడు ప్రిన్సిపాల్. తలూపి వచ్చేశాను.

మిర్యాలగూడ సర్కారు బడికి చేరేసరికి ఒళ్లంతా పులిసిపోయింది. మగపిల్లలు బల్ల చుట్టూ మూగి ఒకరి తర్వాత ఒకరు వెలిగించారు. ఆడపిల్లలు పెన్నులు పట్టుకుని వెనక నిలబడ్డారు.

"మీరు చేయరా?"

"వాళ్లు కనెక్షన్ ఇస్తరు, మేం రికార్డు రాస్తం మేడం. ఎప్పుడూ గట్లనే."

ఒక పిల్ల మాత్రం పెన్ను జడలో గుచ్చుకుని ముందుకొచ్చింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదవాలని ఉందట. బల్బు మాత్రం ఒక్కసారి కూడా తన చేత్తో వెలిగించలేదట. వైర్లు సరిగ్గానే బిగించింది. బల్బు వెలగలేదు.

"ఏందే, నీ చెయ్యి తాకంగనే సచ్చిందా?" ఒకడు నవ్వాడు.

"పొద్దటి సంది మీరే వెలిగించుకుంట కూసుంటిరి. సెల్లు ఖతం జేసి నన్నంటవారా?" అని వాడి మీద లేచింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "నాకు మార్కు రాదా మేడం?"

నా సంచిలో ఇంకో సెల్లు లేదు.

"రాలేదని రాసేయండి మేడం, మీ బస్సు పోతది," అన్నారు ఫిజిక్సు సారు, నా మీద జాలితోనే. రాసేస్తే నా పట్టికలో ఆమె సర్కారు బడి ఆడపిల్ల, సున్నా. సెల్లు సంగతి అందులో ఎక్కడా ఉండదు.

"సార్, ఆ గోడ గడియారంలో సెల్లు తీసుకోవచ్చా?" అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అనాల్సి వచ్చింది.

"గడియారం ఆగితే బెల్లు ఎట్ల కొట్టాలె?" అని గొణుగుతూనే ఆయన కుర్చీ ఎక్కారు.

బల్బు మసకగా వెలిగింది. ఆ పిల్ల అరవలేదు, ఎగరలేదు. వైరు తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

"ఇగ చాలు, బెల్లు టైమయింది," అన్నారు సారు.

"ఎట్ల తెలిసింది సార్? గడియారం నడుస్తలేదు గద," అంది, బల్బు మీంచి చూపు తిప్పకుండా.

బస్సు ఎలాగూ వెళ్లిపోయి ఉంటుంది. మార్కు వేసి, సంచి మీద తల ఆనించి కూర్చున్నాను.