పిల్లను నడిపించి చూసిన రోజు

మా ఇంగ్లీషు సారు చదువంతా ఉర్దూలో సాగింది. ఆయన లెక్కన ఇంగ్లీషంటే మనిషి ఒళ్లే. తలతో మొదలుపెట్టి పాదాల దాకా, ఒక్కో అవయవం మీద ఇంగ్లీషువాళ్ల నానుడులన్నీ బట్టీ పట్టించేవాడు. మగపిల్లలు తప్పు చెబితే ఆ అవయవం మీదే బెత్తం పడేది. మా ఆడపిల్లలకు మాత్రం ముక్కు తప్పినా చెవి తప్పినా చేతులకే. అట్లా పది పాసయ్యాను. ఇంగ్లీషులో మంచినీళ్లు అడగడం మాత్రం రాదు.

నిజామాబాద్‌లో టీచర్ ట్రైనింగ్‌కు సీటొచ్చింది. అంతలోనే బోధన్ నుంచి సంబంధం కూడా వచ్చింది. పిల్లవాడు చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా. వాళ్లకు నేను నచ్చితే ట్రైనింగ్ ఊసే లేదని బాపు ముందే తేల్చేశాడు. నచ్చకూడదని నేను మొక్కని దేవుడు లేడు.

వచ్చినవాళ్లు అటుకులు తిని పనిలో దిగారు. పిల్లవాడి మేనత్త నా జడ విప్పించి, సొంత జుట్టేనా అని గుంజి చూసింది. కాళ్లు వంకరేమోనని వాకిట్లో అటూ ఇటూ నడిపించింది. సూదిలో దారం ఎక్కించమంది. ఎడ్ల అంగట్లో కూడా సూదీ దారం అడగరు.

"మా పిలగానికి ఆఫీసర్లతోని పని. పిల్లకు ఇంగిలీషు వస్తదా?" అన్నాడు పిల్లవాడి తండ్రి.

నాకు ఒళ్లు మండింది. బెదరగొడదామని తల నుంచి అందుకున్నాను. "కీప్ యువర్ హెడ్. ఆల్ ఇయర్స్. పే త్రూ ద నోస్..." పాదాల దాకా ఆపలేదు. పిల్లవాడు ప్రతిదానికీ "ఎస్, ఎస్" అన్నాడు. బెదరడం మాట అటుంచి, అందరి ముఖాలూ వెలిగిపోయాయి. మేనత్త "ఇగ ముహూర్తం సూసుకుందాం" అనేసింది.

ఇంగ్లీషులో ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. తెలుగులోనే అడిగాను.

"అత్తమ్మా, గాయినను గూడ జర నడువుమనుండ్రి. మేము గూడ సూస్తం."

చాయ్ గ్లాసులు సగంలోనే కిందికి దిగాయి. పిల్లవాడు మాత్రం, పాపం, నిజంగానే లేచి నిలబడ్డాడు. తండ్రి అతని చెయ్యి పట్టుకుని అట్నుంచి అటే బయటికి నడిపించుకుపోయాడు.

వాళ్లు బస్సెక్కక ముందే బాపు మొదలుపెట్టాడు. "సదివిచ్చుడే తప్పయింది. గిసొంటి మాట ఏ ఆడివిల్లన్న అంటదా?"

అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. బాపు మాట్లాడుతుంటే ఏనాడూ నోరు విప్పని మనిషి.

"నన్ను సూడనీకి మీరొచ్చిననాడు గూడ గిట్లనే నడిపిచ్చిండ్రు," అంది. "గీ మాట నాకు గప్పుడు రాలె. పిల్లను సదువుకోనియ్యుండ్రి."

నాకు ఏడుపొచ్చింది. బాపు అమ్మ వైపు చూడలేకపోయాడు. మరుసటి వారం తానే నన్ను ట్రైనింగ్‌లో దింపి వచ్చాడు.