పగిలింది గాజులే అనుకున్నాను

ఇన్నేళ్లుగా గుండెల మీద మోస్తున్న బరువు ఇది. నా భార్యకు తెలియదు, పిల్లలకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. నేనొక అమ్మాయి చెయ్యి విరిచాను.

కృష్ణగిరిలో మాది గాజుల అంగడి. వచ్చిన ఆడవాళ్లందరికీ నాన్న నొప్పి తెలియకుండా గాజులు ఎక్కించేవాడు. ఇంట్లో అవే చేతులతో అమ్మను కొట్టేవాడు. ఎవరితోనో మాట్లాడిందని, గుమ్మంలో నిలబడిందని. గాజులు చిట్లి వంటింటి నిండా పడేవి. ముత్తయిదువ చేతులు బోసిగా ఉండకూడదు కదా, పొద్దున్నే నన్ను అంగడికి తీసుకుపోయి "మీ అమ్మకు ఏ రంగు తీద్దామప్పా?" అని అడిగేవాడు. నేను పచ్చవి చూపించేవాడిని. ఆయనే అమ్మ పక్కన కూర్చుని తొడిగేవాడు. అంతటితో గొడవ తీరిపోయినట్టే. అమ్మ ఏమనుకునేదో నేను ఎన్నడూ అడగలేదు. మంచి రంగు ఎంచానని మురిసిపోయేవాడిని.

ఎనభైల్లో హోసూరులో మామయ్య ఇంట్లో ఉంటూ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మీసాలు వస్తున్న వయసు. నేను చెప్పిన అమ్మాయి అక్కడే పరిచయం. పేరు చెప్పను. వాళ్ల నాన్న మూకండపల్లిలో ఫ్యాక్టరీ కార్మికుడు. ఆమె టైపు పరీక్ష పాసయితే ఆ ఫ్యాక్టరీ ఆఫీసులోనే ఉద్యోగం ఇస్తామన్నారు. ఇద్దరం ఇష్టపడ్డాం. ఆమె నన్ను చూసి నవ్వితే ప్రాణం లేచి వచ్చేది, ఇంకొకరిని చూసి నవ్వితే ఒళ్లు మండిపోయేది. ఒకరోజు పక్క మిషన్ దగ్గర కూర్చునే తమిళ అబ్బాయి ఆమె టైపు మిషన్‌కు రిబ్బన్ మార్చి ఇచ్చాడు. వాడి వేళ్లకున్న మసే ఆమె వేళ్లకూ అంటింది. ఏముంది అందులో? ఉత్త మసి. అయినా ఆ మధ్యాహ్నం నాకు అన్నం దిగలేదు.

సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ మెట్ల కింద ఆమెను అడ్డగించాను.

"వాడితో ఏం నవ్వులు?"

"రిబ్బన్ మార్చిచ్చినాడు, థ్యాంక్స్ చెప్పినాను. అంతేప్పా. చెయ్యి వదులు."

వదల్లేదు. మెలిపెట్టాను. గాజులు చిట్లాయి. లోపల ఇంకేదో కూడా చిట్లిన చప్పుడు వినిపించింది. విననట్టే వచ్చేశాను.

రెండు రోజులాగి పచ్చగాజులు కాగితంలో చుట్టుకుని వాళ్ల వీధి చివర నిలబడ్డాను. సిగ్గుతో కాదు, ధీమాతో. ఆమె చేతికి కట్టుతో వచ్చింది. నేను పొట్లం విప్పాను.

"పగిలింది గాజులనుకొంటివా? నా చెయ్యప్పా! ఇంట్లో మెట్ల మీద జారి పడినానని చెప్పినాను. ఇంక నువ్వు ఈడికి రావద్దు."

ఆ అబద్ధం వెనక ఇన్నేళ్లూ దాక్కున్నాను. ఆమె పరీక్ష రాయలేకపోయింది. ఉద్యోగం ఇంకెవరికో పోయింది.

నాన్నను చూసి నేర్చుకున్నానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. నిజమే, నేర్చుకున్నాను. కానీ ఆ వంటింట్లోనే, నా పక్కనే గోడకు ఆనుకుని ఏడ్చిన నా తమ్ముడు జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తలేదు. మరి నాకేమైంది?

ఇంకొకటి ఉంది. గొంతు దాటనిది ఇదే. పరీక్ష రోజు ఆ అబ్బాయి పక్క మిషన్ ఖాళీగా కనిపించింది. నాకు బాధ కలగలేదు. సంతోషం వేసింది. వాడి పక్కన ఆమె లేదు, అది చాలనుకున్నాను.

ఇదీ నేను. చెప్పేశాను, కాస్త ఊపిరి ఆడుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ చెయ్యి మీది కాదు.