సిద్దిరాములు నాలుగు ఎర్ర చొక్కాలు

సిరిసిల్లలో ఎనిమిది సాంచాలు నడుపుకుంటూ అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్‌గా కూడా పనిచేసిన మనిషి సిద్దిరాములు ఒక్కడే అయ్యుంటాడు. సాంచాలంటే మరమగ్గాలే. అవి అతని సొంతం కాదు, కార్ఖానా యజమాని అయిన ఆసామివి. వయసు యాభై ఒకటి. చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. బాస్కెట్‌బాల్‌తో పరిచయం జీవితంలో ఒక్కసారి. హైస్కూలు గోడ దూకి వచ్చిన బంతిని ఉపకారబుద్ధితో కాలితో తన్ని లోపలికి పంపాడు. దాన్ని తన్నకూడదన్న సంగతి బొటనవేలు వాచాక తెలిసింది.

మరి కోచ్ ఎట్లా అయ్యాడంటే, ఖాళీ వల్ల అయ్యాడు. ఆర్డర్లు పల్చబడి సాంచాలు రోజు విడిచి రోజు నడుస్తున్న కాలం. నడవని రోజున మనిషికి ఫోనే దిక్కు. దాంట్లో ఏదో వెతుకుతుంటే ఏదో తగిలి, చివరికి ఈ ఆట దగ్గర ఆగాడు. అంతా ఇంగ్లీషు. తెలుగులోకి మార్చమంటే ఫోను సిగ్గూ శరం లేకుండా మార్చేసింది. మొదటి ఏడాది ఆటగాళ్లు 'తాజా మనుషులు' అయ్యారు, నాలుగో ఏడాదివాళ్లు 'వృద్ధులు' అయ్యారు, గార్డులు 'కాపలాదారులు' అయ్యారు. ఇరవై రెండేళ్లకే వృద్ధులేమిటని సిద్దిరాములు కొంచెం విచారించి, అమెరికా నీళ్లలో ఏదో లోపం ఉందని సర్దుకున్నాడు.

ఈ ఆటలో బంతి మనం వెయ్యం. పదమూడు మంది బొమ్మ ఆటగాళ్లను ఇస్తారు. ఎవరిని దింపాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, వచ్చే ఏడు ఎవరిని తెచ్చుకోవాలి, అన్నీ మనం చెప్పాలి. రోజుకో మ్యాచ్ యంత్రమే ఆడించి సాయంత్రానికి స్కోరు చెబుతుంది. అంటే కూర్చుని పని పురమాయించడమే, అచ్చంగా ఆసామి ఉద్యోగం. ముప్పై ఏడేళ్లుగా పురమాయింపులు వింటున్నవాడికి అది ఎంత రుచిగా ఉంటుందో వేరే చెప్పాలా? లీగులో పదహారు జట్లు. పదిహేనింటిని దేశదేశాలవాళ్లు పట్టేసుకున్నారు. మిగిలింది ఒకటే, దాని పేరు గుడ్లగూబలు.

"ఇంట్ల గుడ్లగూబ పేరెత్తితివంటే ఫోను పొయ్యిల పెడుత," అంది భార్య బాలలక్ష్మి. ఆమె బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, చేతిలో తునికాకు, నోట్లో సామెత ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. "ఇంట్ల ఈగల మోత, బయట పల్లకి మోత. కోచ్ అట, కోచ్."

సిద్దిరాములు పట్టించుకోలేదు. ఏడడుగుల తాజా మనిషి ఒకడు దొరికితే, పేరు నోరు తిరగక వాడికి పొడుగు పోశం అని నామకరణం చేశాడు. వాడి మీద ఆశలన్నీ పెట్టుకున్నాడు.

అవే రోజుల్లో ఇంట్లో వేరే యుద్ధం నడుస్తోంది. కూతురు స్పందన ఇంటర్ పూర్తి చేసి డాక్టరు సీటు కోసం నీట్ రాసింది. సీటు అందలేదు. చాలా దూరంలో పోతే ఎవరికీ బాధ ఉండకపోను, కొద్దిలో పోయింది. లాంగ్ టర్మ్ చదువుతానంది. అంటే ఏ కాలేజీలోనూ చేరకుండా ఏడాదంతా మళ్లీ అదే పరీక్షకు చదవడం. కోచింగు కూడా వద్దు, ఇంట్లోనే చదువుకుంటాను, పుస్తకాలు సీనియర్ అక్క ఇస్తానందని చెప్పింది.

"నడవది," అన్నాడు సిద్దిరాములు. "కరీంనగర్ల డిగ్రీల చేరు. ఏడాది కూసుంటా అనే మాట ఈ ఇంట్ల వినపడద్దు."

"ఎందుకు బాపు?"

"ఎందుకంటే ఎందుకే."

డిగ్రీ దరఖాస్తుకు ఆఖరి తేదీ ముప్పై. తండ్రి ఆ తేదీని క్యాలెండరులో చుట్టి పెట్టాడు. కూతురు తండ్రితో మాట్లాడడం మానేసింది. అన్నం గిన్నెలు మాత్రం ఆమె తరఫున గట్టిగా మాట్లాడుతున్నాయి.

సరిగ్గా అప్పుడే గుడ్లగూబల సీజను మొదలైంది. ఆటగాళ్ల జాబితాలో ప్రతి పేరు పక్కనా ఒక మీట, దాని మీద 'ఎర్ర చొక్కా ఇవ్వు' అని రాసి ఉంది. సిద్దిరాములు ముఖం వెలిగింది. ఇన్ని రోజులకు ఈ ఆటలో తనకు తెలిసిన విషయం ఒకటి వచ్చింది. బడిపిల్లల యూనిఫాం గుడ్డ ఎన్ని వేల మీటర్లు నేసి ఉంటాడో అతనికే తెలియదు. సగం మంది యూనిఫాంలో, సగం మంది రంగు బట్టల్లో నిలబడితే వరస ఎంత దరిద్రంగా ఉంటుందో బడి ముందునుంచి పోయినప్పుడల్లా చూశాడు. జట్టన్నాక అందరికీ ఒకే తీరు అంగి ఉండాలి. మంచి పిల్లలకు ముందు ఇద్దామని పొడుగు పోశంతో మొదలుపెట్టి, వరసగా నలుగురు మేటి ఆటగాళ్లకు మీట నొక్కాడు. ఐదోవాడి దగ్గర యంత్రం అడ్డం తిరిగింది. 'ఎర్ర చొక్కా పరిమితి ముగిసింది. నాలుగు మాత్రమే.'

"పదమూడు మందికి నాలుగు అంగీలా? గింత పెద్ద అమెరికాకు గింత కక్కుర్తా?"

ఊరుకోలేదు. లీగు నడిపే పెద్దమనిషికి ఫోను చేత ఇంగ్లీషులోకి మార్పించి అర్జీ పెట్టాడు. 'తొమ్మిది మంది పిల్లలు అంగీలు లేక ఉన్నారు. మా దగ్గర గుడ్డకు కొదవ లేదు. కొలతలు పంపండి.' మర్నాడు జవాబు వచ్చింది. దాన్ని ఫోను ఇట్లా తెలుగు చేసింది: 'మీ హాస్యం ఆనందం. ఎర్ర చొక్కా అనేది కూర్చున్నది. సంవత్సరం తినబడదు.'

సిద్దిరాములు దాన్ని నాలుగుసార్లు చదివాడు. అంగి కూర్చోవడం ఏమిటి, సంవత్సరాన్ని తినడం ఏమిటి? ఇయ్యను అనే ముక్కను మర్యాదగా చెప్పాడు గాబోలని వదిలేశాడు.

ఇక మ్యాచులు మొదలయ్యాయి. మొదటిది ఓడారు, రెండోదీ ఓడారు. పొడుగు పోశం ఎర్ర చొక్కా వేసుకుని పెళ్లిలో పిలవని చుట్టంలాగా బల్ల మీద కూర్చున్నాడు. దిగరా అంటే దిగడు. దింపబోతే యంత్రం 'ఎర్ర చొక్కా ధరించినవాడు ఆడరాదు' అంటుంది. విప్పుదామంటే 'సీజను ముగిసేవరకు విప్పబడదు' అంటుంది. మిగిలిన తొమ్మిది మందిలో ఇద్దరికి కాళ్లు బెణికాయి, గోరుచుట్టు మీద రోకటిపోటు. పన్నెండు మ్యాచుల్లో పదకొండు పోయాయి. నెగ్గిన ఒక్కటి కూడా అవతలి కోచ్ తన జట్టును దింపడం మరిచిపోవడం వల్ల నెగ్గింది. ఆ రోజే కాలేజీవాళ్ల నుంచి హెచ్చరిక వచ్చింది. 'మీ కుర్చీ వేడిగా ఉంది.' సిద్దిరాములు లేచి, తాను కూర్చున్న ఇనుప కుర్చీని అరచేత్తో తడిమి చూశాడు. నిజంగానే వేడిగా ఉంది, ఎండలో వేసుకున్నాడు మరి.

ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున ఇక లాభం లేక, ఫోను తీసుకెళ్లి స్పందన ఎదుట పెట్టాడు. "జర గిది సదువు బిడ్డ. ఏమంటుండో సమజైతలేదు."

స్పందన ఫోను తీసుకుంది. తెలుగు తీసేసి ఇంగ్లీషులో చదివింది. తండ్రి పెట్టిన అర్జీ చదివింది. రెండు వారాల తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి నవ్వు వినిపించింది, అదీ కడుపు పట్టుకుని నవ్విన నవ్వు.

"బాపు, ఎర్ర అంగి అంటే తొడుక్కునేది కాదు. గా పిలగాన్ని ఈ ఏడు ఆడిపియ్యకుంట కూసోబెట్టుడు."

"మంచిగ ఆడేటోన్ని ఎవడన్న కూసోబెడుతడా?"

"ఊకె కూసోడు. దినాం ప్రాక్టీసు చేస్తడు. కాలేజిల మొత్తం నాలుగేండ్లే ఆడనిస్తరు. గీ ఏడు ఆ నాలుగిట్ల లెక్కకు రాదు. వచ్చే ఏడు ఇంకింత బలంగ వస్తడు, నాలుగేండ్లు నాలుగేండ్లే ఉంటయి."

"సంవత్సరం తినబడదు అంటే గదేనా?"

"గదే."

"అంటే ఏడాది ఖరాబు కాలే."

"కాలే బాపు."

ఆ మాటతో ఇద్దరికీ తమ లాంగ్ టర్మ్ గొడవ ఒకేసారి గుర్తొచ్చింది. బాలలక్ష్మికి బాస్కెట్‌బాల్ తెలియదు గానీ ఇల్లు తెలుసు. బీడీకి దారం చుడుతూనే అంది:

"ఎవలో బొమ్మ పిలగాండ్లకు నాలుగు తొడిగినవు. నీ బిడ్డకు ఒక్కటి తొడుగరాదు?"

సిద్దిరాములు దొరికిపోయాడు. దొరికిపోయినవాడికి చట్టం గుర్తొస్తుంది. "గట్ల ఎట్ల తొడుగుతరు? దానికి రూల్స్ ఉన్నయి. నాలుగు కన్న ఎక్కువ లేదు. మనిషికి ఒక్కపారే ఇస్తరు. ఒక్కపారి ఇస్తె మధ్యల విప్పుడు లేదు."

"నేను అడిగేది ఒక్కపారే బాపు," అంది స్పందన.

సిద్దిరాములు లేచి, సాంచాలు నడిచే రోజు కాకపోయినా కార్ఖానాకు వెళ్లి కూర్చున్నాడు. ఆగిపోయిన సాంచాల మధ్య ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో, జీవితమంతా వాటి మోతలో బతికినవాడికే తెలుస్తుంది. అతనికి భయం వేసింది. ఆ భయం ఈనాటిది కాదు. తొమ్మిది పాసైన ఎండాకాలంలో అతని బాపుకు జబ్బు చేసింది. 'ఒక్క ఏడాది సాంచల మీద ఉండు కొడుకా, నేను లేచినంక మల్ల బడికి పంపుత,' అన్నాడాయన. పిల్లవాడు పుస్తకాల సంచిని కార్ఖానాలోనే మేకుకు తగిలించాడు. బాపు లేవలేదు. సంచి రెండో ఏడు కూడా మేకుకే ఉంది. మూడో ఏడు ఎవరో దాంట్లోని పుస్తకాలు తీసేసి, ఆ సంచిలో నూలు కండెలు పోసుకున్నారు. ఆ ఒక్క ఏడాది ముప్పై ఏడేళ్లను తినేసింది. మేకు మాత్రం ఇప్పటికీ గోడకు ఉంది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చి, కంచం ముందు కూర్చుని, ఇంతకాలం ఎవరికీ చెప్పనిది చెప్పాడు.

"నాకు గూడ తొడిగిండ్రు బిడ్డ ఎర్ర అంగి. విప్పెటోడు రాలే. నువ్వు గూడ గట్లనే కూసుంటవేమో అని నా భయం."

స్పందన మంచినీళ్ల గ్లాసు తెచ్చి తండ్రి కంచం పక్కన పెట్టింది. తర్వాత అడిగింది. "ఆటల ఎవరు ఇప్పుతరు బాపు?"

"ఎవలు లేరు. సీజను అయిపోంగనే మిషినే ఇప్పుతది."

"మనింట్ల మిషిను లేదు గద."

"నేనున్న," అన్నాడు సిద్దిరాములు. "పరీక్ష రాసినవా, సీటు వచ్చినా రాకున్నా, ఆ దినమే ఇప్పుత. మల్ల తొడుగ. నాకు నువ్వు మాటియ్యి, నీకు నేనిస్త."

ముప్పయ్యో తారీఖు వచ్చింది, పోయింది. డిగ్రీ దరఖాస్తు ఎవరూ నింపలేదు. మర్నాడు సిద్దిరాములు కార్ఖానా గోడ మీద, మీటర్లు రాసుకునే చోట, సుద్దముక్కతో నీట్‌కు మిగిలిన రోజుల అంకె వేశాడు. ఆసామి చూసి ఇదేం లెక్క అని అడిగితే, "అంగి లెక్క," అన్నాడు. ఆసామి మళ్లీ అడగలేదు.

గుడ్లగూబలు ఆఖరి స్థానంలో సీజను ముగించాయి. కుర్చీ వేడెక్కి వేడెక్కి చివరికి సిద్దిరాములును దింపేసింది. ఎర్ర చొక్కాలు విడిచిన నలుగురూ కొత్త కోచ్ పాలయ్యారు. పాపం, ఏడాదంతా ఓటములు భరించింది ఒకడు, పంట కోసుకునేది ఇంకొకడు. అయినా సిద్దిరాములు ఆట చూడడం మానలేదు. అక్టోబరులో, ఆటలో కొత్త సీజను నడుస్తుండగా, ఒక పొద్దున ఫోను చూసి ఎగిరినంత పని చేశాడు.

"పోశం ముప్పై కొట్టిండు. ఒక్క మ్యాచ్ల ముప్పై."

"నువ్వు కూసోబెడితివి, గా కొత్తోడు ఆడిపిచ్చుకుంటుండు," అంది బాలలక్ష్మి. "నీకేమొచ్చె?"

"కూసున్నోడు లేచిండు గద. నాకు గంతే గావాలె."

ఈ మాట భార్యకు అవసరమైనంత కంటే కొంచెం గట్టిగానే అన్నాడు. లోపలి గదిలో పైకి చదువుకుంటున్న స్పందన చదువు ఆపలేదు గానీ, చదివిన వాక్యాన్నే మళ్లీ చదివింది. సిద్దిరాములు టిఫిను గిన్నె తీసుకుని కార్ఖానాకు వెళ్లి, గోడ మీద రెండు వందల పన్నెండును అరచేత్తో తుడిచి, రెండు వందల పదకొండు రాసి, సాంచాలు ఆన్ చేశాడు.