గ్యేసుక్ రాయని క్షమాపణ

ప్యో గ్యేసుక్ అరచెయ్యి పైకెత్తిందంటే ఎంతటివాడి నోరైనా మూతపడాల్సిందే. ఆ చేతికి ఆ దర్జా ఊరికే రాలేదు. ఇక్సాన్ ఊరి బయట గోల్ఫ్ మైదానంలో పంతొమ్మిదేళ్ళు క్యాడీగా పనిచేసింది ఆవిడ. నలుగురేసి ఆటగాళ్ళని బండిలో ఎక్కించుకుని తిప్పేది, వాళ్ళ కర్రలు తుడిచేది, బంతి ఎటు వంకర పోతుందో చెప్పేది. ఎవరైనా పుట్ కొట్టడానికి, అంటే బంతిని గుంటలోకి మెల్లగా తోసే ఆ ఆఖరి దెబ్బకి వంగారంటే, మిగతావాళ్ళ వైపు తిరిగి చెయ్యెత్తేది. కంపెనీల ఛైర్మన్లు కూడా దగ్గు మింగేసి నిలబడేవాళ్ళు.

మోకాళ్ళు అరిగిపోయాక ఆ పని మానేసి ఊళ్ళో సినిమా హాల్లో చేరింది. టికెట్లు చూసి లోపలికి పంపాలి, సినిమా నడుస్తుంటే ఓ కన్నేసి ఉంచాలి, అయ్యాక ఊడవాలి. పని మారింది గానీ చెయ్యి మారలేదు.

అబ్బబ్బ, ఏం జనమండీ సినిమాకొచ్చే జనం! కాల్చిన ఎండు స్క్విడ్ పొట్లం విప్పి వరుసంతా కంపు చేసేవాడొకడు. బూట్లు విప్పి ముందు సీటు మీద కాళ్ళు చాపేవాడొకడు. తర్వాత ఎవరు చస్తారో పక్కవాళ్ళకి ముందే చెప్పి మురిసిపోయే మహాతల్లులు వేరే. వీటన్నిటినీ గ్యేసుక్ పళ్ళబిగువున ఓర్చుకునేది. చీకట్లో ఫోను వెలిగిందా, అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ మనసు మనసులో లేదు. కూతురు దావొన్ టోర్నమెంట్ చివరి రోజు ఆడుతోంది. ఆడవాళ్ళ ప్రొఫెషనల్ గోల్ఫ్‌లో అయిదేళ్ళుగా ఆడుతున్నా ఆ పిల్లకి ఒక్క కప్పు రాలేదు. ఇవాళ పొద్దుటి నుంచీ అందరికంటే ముందుంది. గ్యేసుక్ మాత్రం తన ఫోను ఆపేసి బట్టల అల్మారాలో పడేసి వచ్చింది. నలుగురి ఫోన్లూ ఆపించే మనిషి తన ఫోను జేబులో పెట్టుకుని తిరగడం ఆవిడకి చేతకాదు.

సినిమా సగంలో జీ వరుసలో భగ్గున వెలుగు. వెళ్ళి చూస్తే యాభై ఏళ్ళ పెద్దమనిషి, నెత్తిన లేత ఊదారంగు టోపీ. దావొన్ అభిమానుల సంఘం కుట్టించిన టోపీ అది. అలాంటిది గ్యేసుక్ ఇంట్లోనూ ఒకటుంది. చేతిలో ఫోను, ఫోనులో పచ్చటి గడ్డి, గడ్డి మీద పుట్ కొట్టబోతూ వంగి ఉంది దావొన్. ఆఖరి గుంట. అది పడితే కప్పు.

ఒక్క నిమిషం అలా అతని వెనక నిలబడితే చాలు, కన్నకూతురి దెబ్బ కళ్ళారా చూసేది. ఎవరూ ఏమీ అనరు. అయినా చెయ్యి లేచింది.

"ఆపండి."

"ఒక్క పుట్, అమ్మా! ఒక్కటంటే ఒక్కటి!"

"బయటికెళ్ళి చూసుకోండి."

"డబ్బులిచ్చి కూర్చున్నా, ఆంటీ! నీ ఊడ్పేదో నువ్వు ఊడ్చుకో పో."

"మీరొక్కరే ఇచ్చారా? మిగతావాళ్ళు ఊరికే వచ్చారా? ఫోనూ మూయండి, నోరూ మూయండి!"

వెనక వరుసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన ఎర్రగా చూసి, దిగ్గున లేచి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్నే మేనేజర్ ఖు పిలిచాడు. కొడుకు వయసువాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు.

"గ్యేసుక్ గారూ, ఆయన హెడ్డాఫీసుకి ఫిర్యాదు పెట్టారండి. మీరు చేత్తో రాసిన క్షమాపణ కావాలంటున్నారు. మధ్యాహ్నం వస్తారట, చేతికే ఇవ్వాలట."

"నేనేం తప్పు చేశాను?"

"తప్పని కాదండీ... నెలాఖరుకి మీ కాంట్రాక్టు మళ్ళీ రాయాలి కదా. నాలుగు ముక్కలు. అందరూ రాసేవేగా."

అందరూ రాసేవే. తెల్ల కాగితం, నల్ల కలం, కొట్టివేతలుండకూడదు, కింద పేరు, సంతకానికి బదులు ఎర్ర ముద్ర. తాగి బండి నడిపిన నటుడూ అదే రాస్తాడు, పులుసులో వెంట్రుక పడిన హోటలామే అదే రాస్తుంది. గ్యేసుక్ టికెట్ గదిలో కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో ఇంకో పని ఎవరిస్తారు? "నా ప్రవర్తన గురించి లోతుగా ఆలోచించుకుని పశ్చాత్తాపపడుతున్నాను" అని రాసి కలం పక్కన పెట్టేసింది.

టికెట్లమ్మే సుక్జా పక్కనే ఉంది. "అక్కా, మీ అమ్మాయి సంగతి చూశావా? నెట్టంతా అదే గోల!"

పుట్ పడలేదని గ్యేసుక్‌కి రాత్రే తెలుసు. ఎందుకు పడలేదో సుక్జా చదివి వినిపించింది. సరిగ్గా కర్ర కదిపే క్షణంలో జనంలో ఎవడో ఫోనుతో ఫొటో తీశాడు. క్లిక్‌మంది. బంతి అంచు తాకి పక్కకి పోయింది. దావొన్ వెనక్కి తిరిగి, "ఫోన్లు ఆపలేకపోతే ఇళ్ళకెళ్ళండి," అంది. అంతే, పొగరని, అభిమానుల మీద గుడ్లురిమిందని, వేల మంది తిట్టిపోస్తున్నారు.

అప్పుడే బల్ల మీదున్న గ్యేసుక్ ఫోను మోగింది. దావొన్.

"అమ్మా, స్పాన్సర్లు క్షమాపణ రాయమంటున్నారు. చేత్తో రాసి ఈ సాయంత్రంలోపు నెట్‌లో పెట్టాలట. లేకపోతే వచ్చే ఏడాది వాళ్ళ జాబితాలో నా పేరుండదట."

"నువ్వు తప్పు చేశావా?"

"లేదు." అంది దావొన్. "అయిదేళ్ళమ్మా! అయిదేళ్ళకి ఒక్క పుట్! తప్పు నాదంటారా?" మళ్ళీ తనే అడిగింది. "నువ్వైతే రాస్తావా?"

గ్యేసుక్ ఎదురుగా ఉన్న కాగితం చూసింది. సుక్జా కూడా చూసింది.

"నేనా?" అంది గ్యేసుక్. "చచ్చినా రాయను."

ఫోను పెట్టేసి కాగితాన్ని నిలువునా చింపింది.

"అక్కా, పోనీ నువ్వు దావొన్ అమ్మవని ఆయనతో చెప్పెయ్యి. ఫిర్యాదు ఆయనే వెనక్కి తీసుకుంటాడు. పైగా ఫొటో దిగుతానంటాడు!"

"ఎందుకు చెప్పాలి? ఊడ్చేదాని మాటకి విలువ లేదు, గోల్ఫర్ అమ్మ మాటకైతే ఉందా? ఆ విలువ నాకక్కర్లేదు."

మధ్యాహ్నం మేనేజర్ గదిలో ఊదారంగు టోపీ కూర్చుని ఉంది. క్షమాపణ సంగతి పక్కనపెట్టి, నిన్నటి ఆట గురించి మేనేజర్ దగ్గర వాపోతున్నాడు.

"ఆ ఫొటో తీసినవాణ్ణి పట్టుకుని తన్నాలండీ! బుద్ధుండక్కర్లా? పాపం ఆ పిల్ల అయిదేళ్ళ కష్టం! రెండు నిమిషాలు ఫోను జేబులో పెట్టుకోలేని వెధవ, అసలు అక్కడికెందుకు రావాలి?"

"బాగా చెప్పారు," అంది గుమ్మంలోంచి గ్యేసుక్. "అదే మాట నేను నిన్న జీ వరుసలో చెప్పాను."

ఆయన నోరు తెరిచాడు. గ్యేసుక్ అరచెయ్యి లేచింది. నోరు మూతపడింది. మేనేజర్ గబగబా గోడ మీది పోస్టర్ చూడటం మొదలుపెట్టాడు.

ఆయన మొహం కందగడ్డయింది. లేచి, టోపీ చేతిలోకి తీసుకుని నలుపుతూ వెళ్ళిపోయాడు. ఫిర్యాదు తీసేస్తానని అనలేదు, ఉంచుతానని కూడా అనలేదు.

"ఇప్పుడు నేను హెడ్డాఫీసుకి ఏం పంపనండీ?" మేనేజర్ ఏడుపొక్కటే తక్కువ. "ఏదో ఒకటి రాసివ్వండి, మీకు పుణ్యముంటుంది!"

"రాస్తా. ఇలా ఇవ్వండి."

తెల్ల కాగితం తీసుకుని, నిండుగా, కొట్టివేతల్లేకుండా ఒకటే వాక్యం రాసింది. "సినిమా నడిచేటప్పుడు ఫోన్లు ఆపండి." కింద ప్యో గ్యేసుక్. చేతిసంచీలోంచి చిన్న కొయ్య ముద్ర తీసి, ఎర్ర సిరాలో అద్ది, గట్టిగా ఒత్తింది. దాన్ని ఫొటో తీసి కూతురికి పంపింది. కాగితం మేనేజర్ బల్ల మీద పెట్టేసి, చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం సినిమా మొదలవబోతుంటే సుక్జా పరుగెత్తుకొచ్చింది. "అక్కా, పెట్టేసింది! మీ అమ్మాయి పెట్టేసింది!"

సుక్జా ఫోనులో తెల్ల కాగితం. కూతురిది కోడిగీతల రాత, చిన్నప్పటి నుంచీ అంతే. "పుట్ కొట్టేటప్పుడు ఫోన్లు ఆపండి." కింద, తండ్రి ఇంటిపేరుతో, సొక్ దావొన్. ఎర్ర ముద్ర కొంచెం వంకరగా పడింది.

గ్యేసుక్‌కి కళ్ళు చెమర్చాయి. ముద్ర తిన్నగా వెయ్యడం కూడా రాదు మొద్దుపిల్లకి, అనుకుంది.

"స్పాన్సర్లు ఏమంటారో అక్కా..."

"ఏమన్నా అననీ. ముందు నువ్వా ఫోను ఆపు," అంది గ్యేసుక్. "లోపల లైట్లు తీసేశారు."