చౌటపల్లి వాళ్ల బీరువా

జమ్మలమడుగు శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్కన ఒక చిన్న బీరువా ఉంది. దాన్ని ‘చౌటపల్లి వాళ్ల బీరువా’ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది ఏ అధికారీ కాదు, పొద్దున్నే పేపరు చదవడానికి వచ్చి మధ్యాహ్నం దాకా కదలని ముసలాళ్లు.

అందులో పద్నాలుగు పుస్తకాలుండేవి. పులివెందుల వైపు రైతు ఒకాయన చీనీ (బత్తాయి) తోటల గురించి రాసింది ఒకటి. దాన్ని ఆనుకుని నూరుల్లా అనే టైలరు రాసిన జాకెట్ల కత్తిరింపు పుస్తకం. తర్వాత పదో తరగతి లెక్కల గైడు, బల్లిశాస్త్రం, హోమియో వైద్యం, యశోదమ్మ అనే ఆవిడ పోగుచేసిన పెండ్లిపాటలు, అట్టమీద నెత్తురు కారే కత్తితో రెండు డిటెక్టివ్ నవలలు, ఇంకా ఏవేవో. ఒకదానికీ ఇంకొకదానికీ పొంతన లేదు. రాసినవాళ్లందరి ఇంటిపేరూ చౌటపల్లి, అంతే. అదీ చుట్టరికం వల్ల వచ్చింది కాదు. ఎప్పుడో ఆ ఊరు వదిలి బతకబోయిన వాళ్లకు, కులమూ మతమూ చూడకుండా, ఊరి పేరే ఇంటిపేరుగా అంటుకుంది.

వాటన్నిటినీ ఒకచోట చేర్చింది మునెమ్మ. ఆమె లైబ్రేరియను కాదు. ఊడ్చి, నీళ్లు పట్టి, బల్లలు తుడిచే మనిషి. ఆమె ఇంటిపేరూ అదే.

మునెమ్మకు చదువు రాదు. సంతకం వచ్చు. రాత్రిబడిలో ఆరు నెలలు కూర్చుని నేర్చుకున్నది ఆ ఒక్క ముక్క, ‘చౌటపల్లి మునెమ్మ’. ముగ్గు నేర్చుకున్నట్టే నేర్చుకుంది, ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పి ఎక్కడ ఆపాలో. అందువల్ల లోకంలో ఇన్ని పుస్తకాలుంటే, వాటి అట్టలమీద ఆమె చదవగలిగింది తన ఇంటిపేరు మాత్రమే. కొత్త పుస్తకాల కట్ట వచ్చిన రోజు ఊడ్చే పని పక్కనబెట్టి కట్ట ముందు కూర్చునేది. ఆ పేరు కనబడిన పుస్తకాన్ని కొంగుతో తుడిచి, నంబరు ప్రకారం పోవాల్సిన చోటికి పోనీయకుండా, తీసుకెళ్లి కిటికీ పక్క బీరువాలో పెట్టేది.

"మునెమ్మక్కా, మీ చుట్టాలంతా బాగుండారా?" అని ముసలాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

"బాగుండారప్పా. మీ మాదిరి పనీపాటా లేకుండా పేపరు నమలకుండా పుస్తకాలు రాసుకుంటాండారు," అనేది.

అప్పటి లైబ్రేరియన్ ఆదినారాయణ సారు మెత్తని మనిషి. ఇంటిపేరు పిచ్చి అనుకుని ఊరుకున్నాడు. అది పిచ్చి కాదని రిటైరై వెళ్లిపోయేటప్పుడు కూడా ఆయనకు తెలియదు. ఆ పద్నాలుగింటిలో ఒకటి తన కొడుకు రాసిందని మునెమ్మ నమ్మకం. ఏదో మాత్రం తెలియదు.

ఆమెకు శివ ఒక్కడే కొడుకు. ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో పనిచేసేవాడు. బేరం లేని వేళ అట్టపెట్టె మీద నోటుబుక్కు పెట్టుకుని కథలు రాసేవాడు. ఇరవైనాలుగేళ్లప్పుడు ఒకరోజు ఇంటికొచ్చి, "అమ్మా, నా పుస్తకం అచ్చయితాంది. ప్రెస్సులో మాట్లాడొచ్చినా. అట్టమీద మన ఇంటిపేరు పెద్దగా ఏపిస్తా, నువ్వే చదువుకోవచ్చు. వచ్చేదాకా ఎవురికీ చెప్పాకు, నగుతారు," అన్నాడు. పది రోజులకు, స్నేహితుణ్ణి ఎర్రగుంట్లలో రైలెక్కించి బండిమీద వస్తూ లారీ కింద పడి పోయాడు.

అచ్చయిన పుస్తకాలన్నీ చివరికి లైబ్రరీకి చేరతాయని ఎవరో అంటే విన్నది మునెమ్మ. శనగచేలలో కూలికి పోతే వచ్చేదాంట్లో సగం కూడా రాని ఈ ఊడ్పు పనిలో, అడిగి మరీ చేరింది. ఆరేళ్లు కనిపెట్టుకుని ఉంది. చీనీకాయల బొమ్మ చూసి, వాడికి చీనీకాయలంటే ప్రాణం కదా, ఇదేనేమో అనుకునేది. కత్తి బొమ్మ చూసి, వీడికి ఇదేం పొయ్యేకాలం, ఇట్లాంటివి రాసినాడేమో అని దిగులుపడేది. ఏది వాడిదో తెలియనందువల్ల పద్నాలుగింటినీ కొడుకులాగే చూసుకుంది. బల్లిశాస్త్రానికి కూడా ఆ భాగ్యం దక్కింది.

ఒక్కమాట అడిగితే ఎవరైనా చెప్పేవాళ్లు కదా అని మనకు అనిపిస్తుంది. అడగలేదు. అడిగితే లేదంటారేమోనని భయం. అడగనంతకాలం ఉన్నట్టే కదా. చదువుకున్నవాళ్లం మనం మాత్రం అంతకంటే తెలివిగా ఏం బతుకుతున్నాం?

ఆదినారాయణ సారు తర్వాత మసరత్ వచ్చింది. ప్రొద్దుటూరు పిల్ల, రోజూ బస్సులో వచ్చి పోయేది. పుస్తకాలన్నీ కంప్యూటరుకెక్కించాలనీ, ఎక్కడివక్కడ నంబర్ల ప్రకారం ఉండాలనీ పైనుంచి కాగితం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి కిటికీ పక్క బీరువా తలుపు తీయబోతే మునెమ్మ అడ్డం నిలబడింది.

"దీన్ని ముట్టుకోవద్దు మేడం."

"ఏంది పెద్దమ్మా, ఇది నీ సొంతమా?"

మునెమ్మ బీరువా తలుపుకు వీపు ఆనించింది. ఆరేళ్లు దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "దీంట్లో నా కొడుకు రాసింది ఉండాది. అది మాత్రం నా కండ్ల ముందర ఉండనియ్యమ్మా," అంది. సంగతంతా చెప్పింది.

మసరత్ పద్నాలుగు పుస్తకాలూ ఒక్కొక్కటే తీసి చూసింది. శివ పేరు లేదు. తల తిప్పితే, ఊపిరి బిగబట్టి తననే చూస్తున్న మునెమ్మ మొహం. ఆ మొహం ముందు లేదనడానికి ఆ పిల్లకు నోరు పెగల్లేదు. సదానంద అనే ఆయన రాసిన కథల పుస్తకం చేతిలో ఉంటే, "ఇదే పెద్దమ్మా," అనేసింది.

మునెమ్మ చేతులు రెండూ కొంగుకు తుడుచుకుని అందుకుంది. బోర్లించి చూసింది, వాసన చూసింది, కండ్లకద్దుకుంది. తర్వాత తిరిగి ఇచ్చి, "చదువమ్మా, ఇంటా," అని కింద కూర్చుంది.

మసరత్ చదివింది. మొదటి కథలో మేడ ఇల్లు, వీణ వాయించే తల్లి. రెండోది ఆఫీసులో గుమాస్తాల తగాదా. మూడోది రైల్లో భార్యాభర్తల అలక. ముసలాళ్లు కూడా పేపర్లు దించి విన్నారు. మూడోది అయ్యాక మునెమ్మ లేచి నిలబడింది.

"ఇది మావాడు రాసింది కాదులేమ్మా."

"ఎట్ల చెప్తావు పెద్దమ్మా?"

"మూడు కతలు చదివితివి. నేను యాడా ల్యా. మావాడు రాసింటే యాడో ఒక మూల నేనుండనా?"

మసరత్ తల దించుకుంది. క్షమించమని అడిగింది. "నీ తప్పేముందిలే, ల్యాదని చెప్పేకి నోరు రాల్యా నీకు," అని మునెమ్మ చీపురు తీసుకుంది. ఆ రోజు ఊడ్చిన వసారానే మళ్లీ మళ్లీ ఊడ్చింది. ఉన్నదో లేదో అనే ఆధారం కూడా తెగిపోతే మనిషి ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

చేసిన తప్పు ఆ పిల్లను నిద్రపోనివ్వలేదు. నాలుగు రోజులు ప్రొద్దుటూరులో ప్రెస్సులన్నీ తిరిగింది. ఐదో రోజు బస్సు దిగి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది.

"పెద్దమ్మా, దొరికె. చాంద్ బాషా అని ఒకాయన ప్రెస్సు. నీ కొడుకు ఆయనకు బాగా గుర్తుండాడు. నోటుబుక్కు ఇచ్చి, రెండు రోజులకు మళ్లీ పోయి, చివరి కత బాగా రాల్యా, దిద్దుకోనొస్తానని ఇంటికి తీసుకపాయనంట. అందుకే అచ్చు కాల్యా. చివరి కత అమ్మ గురించని చెప్పినాడంట. ఇప్పుడు తెచ్చినా ఏసిస్తానంటాండాడు. ఎర్రట్ట నోటుబుక్కు. ఇంట్లో ఉంటాది కదా, ఎతుకుదాం పా."

మునెమ్మ బీరువాను పట్టుకుని నిలబడింది. మసరత్ చెయ్యి పట్టుకుని ఊపితే, అప్పుడు నెమ్మదిగా చెప్పింది.

"ఉన్నెమ్మా ఎర్రట్టది. వాన్ని గుంతలోకి దించేటప్పుడు తలకింద పెడితి. శానా ఇష్టంగా రాసుకున్నాడు, పుస్తకం ఎట్లాగూ అచ్చయితానే ఉండాది, ఇది వాని కాడ ఉండనీ అనుకుంటి. రాసింది అదొక్కటేనని నాకు తెలీకపాయె తల్లీ."