అమ్మకూడని ఆఫీసు

కుట్టుమిషన్ల కంపెనీలో అతన్ని అందరూ బాబాయ్ అనేవాళ్ళు. యజమాని దగ్గర్నుంచి లారీ డ్రైవరు దాకా అదే పిలుపు. పాతికేళ్ళు ఊరూరా తిరిగి మిషన్లు అమ్మాడు. వద్దనుకుని గుమ్మం దాటబోయిన మనిషిని వెనక్కి పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, చివరికి మిషన్‌తోనే ఇంటికి పంపడం అతని విద్య. ఆ తిరుగుళ్ళలో ఇంటిపట్టున ఉన్నది తక్కువ. అతనికి ఎన్ని దిండ్లు కావాలో లాడ్జీవాళ్ళకి తెలుసు గాని తనకి తెలియదని అతని భార్య నలుగురిలో నవ్వుతూ అనేది. బాబాయ్ భార్య కాబట్టి ఆవిడ అందరికీ పిన్ని.

అలాంటి మనిషిని కంపెనీ పరాయి దేశం పంపింది. అక్కడ ప్రతినిధి కార్యాలయం తెరవాలి. దానికి అనుమతి వస్తే అతనికి నివాస కార్డు ఇస్తారు, ఆ వెనకే పిన్నికీ ఇస్తారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఒకే కుర్చీ, ఒకే ఇల్లు, సాయంత్రానికి తిరిగొచ్చే ఉద్యోగం. పిన్ని విజిటింగ్ వీసా మీద వచ్చింది. దాని గడువు నెలాఖరు. సగం బట్టలు బీరువాలో సర్ది, సగం మంచం కింద సూట్‌కేసులోనే ఉంచింది.

"కార్డు వచ్చాక మిగతావి తీస్తా. రాకపోతే సర్దుకునే పని సగం తప్పుతుంది కదా" అంది.

కాగితాల పని చూసే ఏజెంటు మొదటిరోజే గట్టిగా చెప్పాడు. ఇది షాపు కాదు. మిషన్ చూపించొచ్చు, వివరించొచ్చు, కంపెనీ గురించి ఎంతైనా చెప్పొచ్చు. అమ్మకూడదు, ఆర్డరు తీసుకోకూడదు, బేరం అసలే కూడదు. కొంటామన్నవాళ్ళని ఊళ్ళో ఉన్న డీలరు దగ్గరికి పంపాలి. అమ్మినట్టు తెలిస్తే ఆఫీసుతో పాటు ఇద్దరి కార్డుల ఆశా వదులుకోవాల్సిందే. బాబాయ్ తలూపాడు గాని, వంటవాణ్ణి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి గరిట ముట్టుకోవద్దన్నట్టు అనిపించింది.

రెండో అంతస్తులో ఒక గది దొరికింది. గోడకి కంపెనీ బోర్డు, ఒక బల్ల, ఫోను, కిటికీ పక్కన మూడు మిషన్లు. కింద ఒకావిడ టైలరింగ్ షాపు నడుపుతోంది. మొదటి వారంలోనే పైకొచ్చి, మిషన్ మీద రెండు గుడ్డముక్కలు కలిపి కుట్టి, వెనక్కి తిప్పి కుట్టు చూసుకుని, ఇది నాకు కావాలి అన్నయ్యగారూ అంది. ధర బాబాయ్ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. డీలరు అడ్రసు రాసిచ్చాడు. డీలరు దగ్గర ఆ మోడల్ ఇంకా దిగలేదు. ఆవిడ మళ్ళీ వచ్చింది. మళ్ళీ అడ్రసే. మూడోసారి తర్వాత పలకరించడం మానేసి, మెట్ల మీద ఎదురైతే గోడవైపు చూసుకుంటూ దిగడం మొదలుపెట్టింది. చేతిలోకొచ్చిన బేరాన్ని తనే తోసేయడం బాబాయ్‌కి అదే మొదలు. ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

నెలాఖరు దగ్గరపడుతుండగా, ఆఫీసు చూడటానికి అధికారిణి వస్తుందని ఏజెంటు కబురు పంపాడు. ఆవిడ చూసి సరేనంటేనే కార్డులు.

బాబాయ్ పొరపాటు చేసింది ఇక్కడే. గది మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. మిషన్లు మెరుస్తున్నా, మనిషి లేని గది అతని కళ్ళకి దివాలా తీసిన కొట్టులా కనిపించింది. కొత్త షోరూము తెరిచినప్పుడల్లా తెలిసినవాళ్ళని పిలిచి లోపల తిప్పడం అతని అలవాటు. ఇక్కడా అదే చేశాడు. ఎదుటి వీధి సెలూన్ యజమానిని, ఇంటి ఓనరు తమ్ముణ్ణి రమ్మన్నాడు. కొనేవాళ్ళలాగా ఆసక్తిగా అడగమన్నాడు. ఏజెంటుని ఒకమాట అడగమని పిన్ని అంటే, ఇది నా పని, ఇందులో అతనికేం తెలుసన్నాడు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళందించడానికి ఆవిడనీ ఆఫీసుకి వెంటబెట్టుకెళ్ళాడు.

అధికారిణి చప్పుడు చేయకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది. అప్పటికే సెలూన్ యజమాని తన వేషంలో బాగా మునిగిపోయాడు. మిషన్ చక్రం తిప్పుతూ, "అదంతా కాదు బాబాయ్, చివరి రేటు చెప్పు, ఇప్పుడే ఎత్తుకుపోతా" అని జేబులోంచి డబ్బు తీశాడు. ఓనరు తమ్ముడు తనకి రెండు కావాలన్నాడు.

"ఇక్కడ అమ్మకాలు జరుగుతున్నాయా?" అని అడిగింది అధికారిణి.

బాబాయ్ నోరు తెరిచాడు. మంచం కింది సూట్‌కేసు కళ్ళముందు కదిలింది.

అంతలో మెట్ల మీద దబదబ చప్పుడు. తెరిచిన కిటికీలోంచి బేరం మాటలు కింద టైలర్ చెవిన పడ్డాయి. మెడలో టేపు తీయకుండానే పైకొచ్చేసింది.

"బాగుంది అన్నయ్యగారూ. నేనడిగితే అడ్రసు, వీళ్ళకైతే రేటూనా? నా డబ్బు చెల్లదా?" అని, అధికారిణిని కూడా కొనేమనిషే అనుకుని అటు తిరిగింది. "మీకిస్తాడులెండి. నాకే ఇవ్వడు. మూడుసార్లు వచ్చి బతిమాలాను. డీలరు, డీలరు అంటాడు. ఇదేం కొట్టండీ, వచ్చినవాళ్ళకి వస్తువు అమ్మరా?"

"మీకు అసలేం అమ్మలేదా?"

"సూది కూడా అమ్మలేదు."

అధికారిణి సెలూన్ యజమాని వైపు చూసింది. అతను డబ్బు జేబులో పెట్టుకున్నాడు. "గది బోసిగా ఉందని వచ్చి నిలబడమన్నాడండీ. నాకు గుండీ కుట్టుకోవడం కూడా రాదు" అన్నాడు. ఓనరు తమ్ముడు అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

అధికారిణి కుర్చీ లాక్కుని కూర్చుంది. డీలరుకి ఫోన్ చేసి, బాబాయ్ పంపాడంటూ టైలర్ వెళ్ళిన మాట నిజమేనని తెలుసుకుంది. గది బోసిగా ఉంటే తనకేం ఇబ్బంది లేదని, ఇలాంటి నాటకాలు ఇంకోసారి ఆడితే మాత్రం ఊరుకోనని బాబాయ్‌కి చీవాట్లు పెట్టింది. లేచి వెళ్ళబోతూ మిషన్ మీద చెయ్యి వేసి, "ఇంతకీ ఇదెంత?" అంది.

ధర బాబాయ్‌కి పైసలతో సహా తెలుసు.

"డీలరు చెప్పాలండి" అన్నాడు. తర్వాత పిన్ని చేతిలోని మంచినీళ్ళ గ్లాసు తీసుకుని గటగటా తాగేశాడు.

గడువు లోపలే కార్డులు వచ్చాయి. డీలరు దగ్గర ఆ మోడల్ దిగిన రోజు బాబాయ్ కిందికెళ్ళి టైలర్‌కి చెప్పాడు. ఆవిడ విని సరేనంది. అన్నయ్యగారూ అని మాత్రం అనలేదు.

పిన్ని సూట్‌కేసు ఖాళీ చేసి బీరువా మీదికి తోయమంది. బాబాయ్ కుర్చీ ఎక్కి తోశాడు.

"అయితే ఇక రోజూ ఇంటికొస్తారన్నమాట" అంది.

"రావాల్సిందేగా."

"వచ్చేటప్పుడు కూరగాయలు తెండి. అక్కడ ఎంత బేరమాడినా మీ కార్డు ఎవరూ పీక్కోరు."