మంచు మీద రూపాయి

మొన్న తెనాలి వెళ్దామని పాసింజర్ ఎక్కాను. కృష్ణ వంతెన మీదికి రాగానే రైలు చప్పుడు మారిపోతుంది కదా, కింద నేల పోయి నీళ్ళు వచ్చాయని కునుకు తీస్తున్నవాళ్ళకు కూడా తెలిసిపోతుంది. ఆ చప్పుడు వినగానే పెట్టెలో సగం మంది చిల్లర కోసం వెతుక్కుంటారు. ఎదురు సీట్లో కూర్చున్న చిన్నపిల్ల వాళ్ళమ్మ ఇచ్చిన రూపాయిని కళ్ళకద్దుకుని కిటికీలోంచి విసిరింది. అది నదిలోకి పోకుండా ఊచకు తగిలి, ఠంగున మోగి, లోపలికే వచ్చి నా చెప్పుల దగ్గర గిరగిరా తిరిగింది. ఆ మోత వినగానే నాకు నవ్వొచ్చింది. రూపాయిని నీళ్ళు పుచ్చుకోకపోవడం నేను ఒకసారి కళ్ళారా చూశాను. ఆ రూపాయి విసిరింది మా సుభద్ర మేడమ్. ఆవిడ లేకపోతే ఇవాళ నేను లెక్చరర్‌ని కాదు.

తొంభైల్లో విజయవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్ర విభాగానికి ఆవిడ హెడ్డు. తరతరాలుగా బడిపంతుళ్ళ ఇల్లు వాళ్ళది. పుట్టి బుద్ధెరిగి చేప ముక్క నోట పెట్టని మనిషి, కానీ ల్యాబులో చేపను కోసి లోపలున్నవన్నీ చూపించడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. నేను ఆవిడ కింద కొత్తగా చేరిన తాత్కాలిక లెక్చరర్‌ని. మాది బందరు దగ్గర సముద్రం మీద బతికిన కుటుంబం. నాన్న పోయాక అమ్మ మమ్మల్ని తీసుకుని బెజవాడ వచ్చి, కాలువ ఒడ్డున మార్కెట్లో చేపలు అమ్మి నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది. చదువైతే వచ్చింది గానీ, క్లాసులో నిలబడితే నా గొంతు పెగిలేది కాదు. బోర్డుకేసి తిరిగి, బోర్డుకే పాఠం చెప్పి, గంట కొట్టగానే బయటపడేదాన్ని. మూడో బెంచీ దాటి నా మాట వినపడేది కాదు. వెనక బెంచీలవాళ్ళు స్వెటర్లు అల్లుకునేవాళ్ళు. బెజవాడ ఎండల్లో ఆ స్వెటర్లు ఎవరికోసమో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రిన్సిపాల్ గారు ఒకరోజు పిలిచి, "చూడమ్మా నాగమణీ, జూన్‌లో ఈ పోస్టు ఖాయం చెయ్యాలి. చివరి బెంచీకి వినపడేవాళ్ళనే తీసుకుంటాను, ఏమీ అనుకోకు" అని మర్యాదగానే చెప్పారు. ఆ జీతం మీదే తమ్ముడి చదువు నడుస్తోంది.

ఒక ఆదివారం మా అటెండరు ఊళ్ళో లేడు. మర్నాటి ప్రాక్టికల్స్‌కు చేపలు కావాలి. ఎవర్ని పంపాలో తోచక మేడమే రిక్షా కట్టించుకుని, చేతిలో ప్లాస్టిక్ బకెట్టు, ముక్కుకు చీర చెంగు అడ్డం పెట్టుకుని మార్కెట్టుకు వచ్చారట. నాకా సంగతి తెలియదు. ఆదివారాలు అమ్మకు సాయంగా నేను కూర్చునేదాన్ని. "రండమ్మా రండి! తెల్లారగట్ల దిగిన సరుకు! మొప్పలు చూసి తీసుకోండి, ఎర్రగా లేకపోతే డబ్బులియ్యొద్దు!" అని మార్కెట్టు దద్దరిల్లేలా అరుస్తూ తలెత్తి చూద్దును కదా, ఎదురుగా బకెట్టుతో సుభద్ర మేడమ్. చేతిలో చేప గంపలోకి జార్చేసి లేచి నిలబడ్డాను. ఆవిడ మాత్రం చెంగు తీసేసి, అంత కంపులోనూ నోరారా నవ్వారు.

"ఈ గొంతు కాలేజీకి ఎందుకు తీసుకురావడం లేదే నువ్వు?" అన్నారు. అమ్మకు విషయం అర్థం కాక, "ఇంట్లో కూడా అంతేనండీ, దీని నోటికి వీధి వీధంతా లేస్తది" అంది.

ఆ ఏడే మా కాలేజీకీ, అమెరికాలో మేడిసన్ అనే ఊళ్ళో ఒక కాలేజీకీ ఏదో ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం కుదిరింది. మన దగ్గర్నుంచి ఇద్దరు టీచర్లు వెళ్ళి మూడు వారాలు ఉండి, ఊరు చూసి, వెనక్కి వచ్చేముందు అక్కడివాళ్ళకు మన ప్రాంతం గురించి చెరొక ఉపన్యాసం ఇవ్వాలి. మేడమ్ తనతోపాటు నా పేరు రాశారు. స్టాఫ్ రూములో ముక్కున వేలేసుకోనివాళ్ళు లేరు. బోర్డుతో తప్ప మాట్లాడని పిల్లను అంత దూరం తీసుకెళ్ళి ఏం మాట్లాడిస్తారండీ అని ఒకరు అడిగితే, "ఆ బాధ నాది" అన్నారట మేడమ్. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "అక్కడ బాగా మాట్లాడి వస్తే ఇక నేను అడిగేదేం ఉండదు" అన్నారు. అంటే నా ఉద్యోగం కాస్తా తీసుకెళ్ళి ఆ ఉపన్యాసం మీద పెట్టారన్నమాట.

జనవరిలో దిగాం. మేడిసన్ రెండు పెద్ద సరస్సుల మధ్య ఇరుకు నేల మీద కట్టిన కాలేజీ ఊరు. ఎటు చూసినా తెల్లగా మంచు, వీపున సంచులు వేసుకుని పరుగులు తీసే విద్యార్థులు. హాస్టళ్ళు, పుస్తకాల షాపులు, పిల్లల గోల చూసి, "మన బెజవాడేనే ఇది, ఫ్రిజ్‌లో పెట్టారంతే" అన్నారు మేడమ్. మాకు ఇల్లిచ్చిన జోన్ అనే రిటైర్డ్ టీచరు మేము చూడాల్సినవన్నీ వరసగా చెప్పింది. శాసనసభ గుమ్మటం, మ్యూజియం, వాళ్ళు చీజ్ అనే జున్నుల దుకాణం, చలికి చెట్లు చావకుండా అద్దాల గదిలో పెంచే తోట. మేడమ్ పట్టుచీర మీద జోన్ ఇచ్చిన పొడుగు కోటు, దానిమీద బీసెంట్ రోడ్డులో కొన్న మంకీ క్యాపు వేసుకుని అన్నింటికీ సిద్ధమయ్యారు.

మొదటిరోజు రోడ్డు దాటడమే పెద్ద పనయింది. మేము అంచున నిలబడగానే కార్లు ఆగిపోయాయి. బెంజ్ సర్కిల్లో ప్రాణం అరచేతిలో పెట్టుకుని దాటేవాళ్ళం కదా, మమ్మల్ని చూసి కారాగితే మాకు భయమేసింది. మేడమ్ "మీరు వెళ్ళండి నాయనా" అని చెయ్యూపారు. ఆ కారాయన "మీరే వెళ్ళండి" అని చెయ్యూపాడు. పెళ్ళివారింట్లో భోజనాలకు లేవండంటే లేవండని బతిమాలుకున్నట్టు కాసేపు జరిగాక, మేడమ్ ఆగిన ప్రతి కారుకూ విడివిడిగా దండం పెడుతూ దాటారు. జున్నుల దుకాణంలో ఇంకో తమాషా. అక్కడి తాజా జున్ను ముక్క పళ్ళ కింద పెడితే కీచుమంటుంది. మేడమ్ నమలడం ఆపేసి, కళ్ళు పెద్దవి చేసి, "నాగమణీ, ఇందులో ప్రాణమున్నదేం లేదు కదా?" అని అడిగారు. నేను పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాను. లేదని తేలాక ఆవిడ అరకిలో కొన్నారు.

కొత్త ఊరు వెళ్తే ఆ ఊరి నీళ్ళకు దండం పెట్టడం మేడమ్‌కు అలవాటు. రెండో రోజు పొద్దున్నే సరస్సు ఒడ్డుకు తీసుకెళ్ళి, పర్సులోంచి మన రూపాయి తీసి, కళ్ళు మూసుకుని విసిరారు. బుడుంగుమనాల్సింది, ఠంగుమంది. కళ్ళు తెరిచి చూస్తే ఆ రూపాయి గడ్డకట్టిన సరస్సు మీద జర్రున జారుకుంటూ పోతోంది. అంత దూరాన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్న ఒక ముసలాయన బూటుకు తగిలి ఆగింది. ఆయన దాన్ని తీసుకుని, లేచి, మా వైపు నడవడం మొదలుపెట్టాడు.

"అయ్యో అయ్యో, ఆయన్ని ఆగమనవే! నీళ్ళ మీద వస్తున్నాడు!" అని మేడమ్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నీళ్ళు గడ్డకడితే కింద చేపలెలా బతుకుతాయో ఏటా పాఠం చెప్పే మనిషి ఆవిడ. పాఠం చెప్పడం వేరు, పొద్దున్నే ఎదురుగా చూడడం వేరు.

ఆయన పేరు రే. రూపాయి చాచి, "ఇది మీదేనా?" అన్నాడు. మేడమ్ చేతులు వెనక్కి పెట్టుకుని, మా ఊళ్ళో నదికి ఇలా ఇస్తామనీ, ఇచ్చింది తిరిగి తీసుకోకూడదనీ తన ఇంగ్లీషులో వివరించారు. ఆయన శ్రద్ధగా విని, బుర్ర గోక్కుని, "నీళ్ళే కావాలంటే నా దగ్గర ఉన్నాయి, కాకపోతే కొంచెమే" అని తన బకెట్టు వైపు చూపించాడు. అక్కడ మంచుకు చెంబు మూతి అంత రంధ్రం చేసి, అందులోకి చిన్న గాలం వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరం ఒకర్నొకరు పట్టుకుని, పసిపిల్లల్లా అడుగులో అడుగు వేసుకుంటూ సరస్సు మీద నడిచాం. మేడమ్ వంగి రూపాయిని ఆ కన్నంలో వదిలి, చల్లటి నీళ్ళు వేలితో తీసి నెత్తిన చల్లుకున్నారు.

ఆవిడ లేచేలోపే గాలం కర్ర వంగింది. రే గబుక్కున దాన్ని మేడమ్ చేతిలో పెట్టేశాడు. "మీ రూపాయికి వచ్చింది, మీరే లాగండి" అన్నాడు. ల్యాబులో ఎన్నో చేపల్ని కోసిన ఆ చేతులు, కొసన ప్రాణమున్న చేప కొట్టుకుంటుంటే గాలాన్ని నా మీదికి తోసెయ్యబోయాయి.

"నాగమణీ, పట్టుకోవే! నావల్ల కాదే!"

"వదలకండి మేడమ్! పైకి లాగండి, పైకి! దారం వదులు చెయ్యొద్దు!" అని నేను ఎంత గట్టిగా అరిచానంటే, దూరాన మరో బకెట్టు మీద కూర్చున్నాయన లేచి నిలబడ్డాడు. చేప పైకి రాగానే ముల్లు గుచ్చుకోకుండా వీపు నొక్కి పట్టుకున్నాను. అది పెర్చ్ అనే చేప, చారల చొక్కా వేసుకున్నట్టుంటుంది. మేడమ్ మంచు మీద చతికిలబడి, మంకీ క్యాపు పక్కకు జరిగిపోయి, ఆయాసపడుతూ నన్నే చూస్తున్నారు. చేపను కాదు. "అదీ, వచ్చింది మార్కెట్టు గొంతు" అన్నారు. తర్వాత రే దగ్గరికి వెళ్ళి ఏదో గుసగుసలాడారు. ఆయన తలూపాడు. అడిగితే నాకు చెప్పలేదు.

ఆ తర్వాత మేము మ్యూజియమూ చూశాం, గుమ్మటమూ ఎక్కాం. కానీ ప్రతి పొద్దునా మొదట వెళ్ళేది మాత్రం రే దగ్గరికే. ఆయన ఒక బకెట్టు మాకోసం అదనంగా తెచ్చేవాడు. మేడమ్ దానిమీద కూర్చుని ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తితే నీళ్ళెలా దూకుతాయో చెప్పేవారు. ఆయన ఎండాకాలంలో ఈ సరస్సు మీద పడవలెలా తిరుగుతాయో చెప్పేవాడు. ఎవరికెంత అర్థమయ్యేదో గానీ ఇద్దరూ తెగ నవ్వుకునేవాళ్ళు. నేను మాత్రం రోజులు దగ్గరపడేకొద్దీ అన్నం సయించక, రాత్రుళ్ళు జోన్ ఇంటి గోడకు ఉపన్యాసం అప్పజెప్పుకునేదాన్ని.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. కాలేజీ హాల్లో వరసల నిండా జనం. ముందు మేడమ్ మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నారు. తర్వాత నేను. కాగితాలు తీసి "గుడ్ ఈవినింగ్" అన్నాను. రెండో మాట రాలేదు. గ్లాసులో నీళ్ళు తాగాను, అయినా రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే బోర్డు కనిపించింది. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చినట్టయింది, అటే తిరిగిపోదామనుకున్నాను. అప్పుడు మేడమ్ లేచి వచ్చి, నా చేతిలో కాగితాలు లాగేసుకుని, బల్ల మీద పాత పేపర్లు పరిచారు. చివరి వరసలోంచి పెద్ద బూట్లతో రే దబదబా నడుచుకుంటూ వచ్చి, వాటిమీద నాలుగు తాజా పెర్చ్ చేపలు పెట్టాడు. జోన్ వంటింటి కత్తి మేడమ్ సంచిలోంచే వచ్చింది.

"ఏం చెప్పొద్దు, కొయ్యి" అన్నారు మేడమ్ తెలుగులో.

చేపను చేతిలోకి తీసుకున్నాను. అలవాటుగా నా బొటనవేలు మొప్ప మూత ఎత్తింది. ఎర్రగా ఉంది. అంతే, ఎక్కణ్ణుంచి వచ్చిందో, "రండి, దగ్గరికి రండి! మొప్పలు చూడండి!" అని ఇంగ్లీషులో ఒక్క కేక పెట్టాను. ముందు వరసవాళ్ళు ఉలిక్కిపడ్డారు. తర్వాత నిజంగానే లేచి బల్ల చుట్టూ చేరారు. మా అమ్మ దుకాణం ముందు ఆదివారం మూగినట్టే మూగారు. మొప్పలతో మొదలుపెట్టి, ఇది మా పండుగప్పకు దూరపు చుట్టమని చెప్పి, పండుగప్ప నుంచి సముద్రానికి, అక్కణ్ణుంచి అమ్మ కత్తిపీటకు, కాలువ మార్కెట్టుకు, కొల్లేటికి వెళ్ళిపోయాను. మధ్యలో ఎవరో ధర ఎంతని అడిగితే, బేరం ఎలా ఆడతామో కూడా ఆడి చూపించాను. సమయం దాటిపోయిందని జోన్ గడియారం చూపించినా నేను ఆగలేదు. మేడమ్ పక్కన నిలబడి, చీర చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. అంత ఆనందం నా జీవితంలో నాకు మళ్ళీ కలగలేదు.

జూన్‌లో ప్రిన్సిపాల్ గారు ఉద్యోగం ఖాయం చేశారు. జూలైలో మళ్ళీ పిలిచారు. "నాగమణి గారూ, మీ పాఠం నా గదిలోకి వినిపిస్తోంది. బాగానే ఉంది గానీ, ఫోన్ మాట్లాడేటప్పుడు కాస్త ఇబ్బందిగా ఉందండీ" అన్నారు. వెనక బెంచీల్లో స్వెటర్లు ఆగిపోయాయి.

రిటైరయ్యాక మేడమ్ గన్నవరం దగ్గర ఇల్లు కట్టుకున్నారు. నేను వెళ్ళినప్పుడల్లా ఎలా ఉన్నావని అడిగేవారు కాదు, "గొంతెలా ఉందే?" అనేవారు. చివరి రోజుల్లో ఆవిడకు చెముడు వచ్చింది. ఇంట్లోవాళ్ళు పలకల మీద రాసి చూపించేవాళ్ళు. నేను మంచం పక్కన కూర్చుని మామూలుగా పలకరిస్తే, పలక పక్కన పెట్టేసి, "వీళ్ళందరూ పెదాలాడిస్తున్నారే నాగమణీ, నీ మాట ఒక్కటే నాకు వినిపిస్తోంది" అన్నారు. అదే ఆవిడతో నేను మాట్లాడిన ఆఖరిసారి. ఆ రోజు చాలాసేపు మాట్లాడాను, మార్కెట్టు గొంతుతోనే.

రైల్లో ఆ చిన్నపిల్ల వంగి, నా కాళ్ళ దగ్గర రూపాయి తీసుకుని వాళ్ళమ్మతో, "కృష్ణమ్మ వద్దంది కదా, నేను చాక్లెట్టు కొనుక్కోనా?" అంది. రైలు అప్పటికే వంతెన సగం పైన దాటేసింది.

"ఇచ్చింది తిరిగి తీసుకోకూడదు తల్లీ! ఊచల మధ్యనుంచి చూసి వెయ్యి, తొందరగా!" అన్నాను. నేను మామూలుగానే అన్నాననుకున్నాను. పెట్టెలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా అందరూ తిరిగి చూశారు.